అస్సోస్: ఒక్క కొండ మీద ఇమిడిన నగరరాజ్యం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి తెర కనబడుతోందా? సరే, మొదలుపెడదాం.

గ్రీకు నగరరాజ్యాలు అనగానే మనకి ఎథెన్స్, స్పార్టా గుర్తొస్తాయి. బళ్ళో అవే చెప్పారు, పరీక్షలో అవే రాశాం. డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ పరిశోధకులు కొన్నేళ్ళు కూర్చుని పాత గ్రీకు నగరరాజ్యాలన్నిటికీ ఒక జాబితా తయారుచేశారు. అందులో 1,035 ఊళ్ళు తేలాయి. ఎథెన్స్‌ని చూసి గ్రీకు నగరం ఇలా ఉండేదని చెప్పడం, ముంబయి చూసొచ్చి మన మండల కేంద్రాలు ఇలా ఉంటాయని చెప్పినట్టే. మామూలు గ్రీకు నగరం చిన్నది. జనం కొద్ది వేలమంది. చుట్టూ గోడ, మధ్యలో అంగడి, పైన గుడి, కింద పొలాలు. అలాంటి ఒక ఊరిని ఇవాళ మీకు చూపిస్తాను. పేరు అస్సోస్.

ఇది ఇప్పుడు గ్రీసులో లేదు, టర్కీలో ఉంది. ట్రాయ్ తెలుసు కదా, అక్కణ్ణించి దక్షిణంగా వస్తే ఎద్రెమిత్ అనే అఖాతం ఉంది. దాని ఉత్తరపు ఒడ్డున సముద్రంలోంచి నిటారుగా లేచిన కొండ. ఎత్తు 235 మీటర్ల దాకా ఉంటుంది. చల్లారిపోయిన అగ్నిపర్వతం అది, రాయంతా ఆండిసైట్. నల్లబూడిద రంగు, ఉలికి ఒక పట్టాన లొంగదు. ఎదురుగా పది కిలోమీటర్ల నీళ్ళు దాటితే లెస్బోస్ దీవి. ఆ దీవిలోని మెథిమ్న అనే ఊరివాళ్ళు వచ్చి ఈ కొండని పట్టుకున్నారని పాతకాలపు గ్రీకు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. క్రీ.పూ. 7వ శతాబ్దం నాటి సంగతి. ఎందుకొచ్చారో కొండ మీద నిలబడితే ఎవరూ చెప్పక్కర్లేదు. కింద సన్నగా పోయే సముద్రమార్గం, వెనక తుజ్లా నది పారే పంటభూమి, రెండూ కనబడతాయి.

రేవు నించి ఊళ్ళోకి ఎక్కడం మాత్రం ప్రాణం తీసే పని. స్ట్రాబో దాని గురించి కూడా ఒక హాస్యం చెప్తాడు. స్ట్రటోనికస్ అని వీణ వాయించే ఒకాయన ఉండేవాడట, నోటి దురుసు మనిషి. హోమర్ పంక్తిని కాస్త మెలిపెట్టి, "చావు తొందరగా కావాలంటే అస్సోస్‌కి వెళ్ళు" అన్నాడట. రెండువేల ఏళ్ళ తర్వాత వచ్చిన యాత్రికులు కూడా ఆ మాటతో ఏకీభవించారు.

ఈ బొమ్మ చూడండి. కొండ నెత్తిన ఎథీనా దేవత గుడి. క్రీ.పూ. 530 ప్రాంతంలో కట్టారు. అడ్డంగా ఆరు స్తంభాలు, నిలువుగా పదమూడు. ఇప్పుడు నిలబడి ఉన్న స్తంభాలు పడిపోయినవాటిని ఏరి మళ్ళీ నిలబెట్టినవి. ఈ తీరంలో అప్పటి గుళ్ళు చాలావరకు అయోనిక్ శైలివి, చుట్టలు తిరిగిన స్తంభశీర్షాలవి. ఈ ఒక్క ఊరు మాత్రం సముద్రం అవతలి డోరిక్ శైలి తెచ్చుకుంది. పోనీ తెచ్చుకున్నది తెచ్చుకున్నట్టు కట్టారా అంటే, అదీ లేదు. డోరిక్ గుడిలో స్తంభాల మీద అడ్డంగా పెట్టే దూలం నున్నగా ఉండాలి, దాని మీద బొమ్మలుండకూడదు. అస్సోస్ వాళ్ళు ఆ దూలం పొడుగునా చెక్కేశారు. గ్రీకు పురాణవీరుడు హెరాక్లీస్ సముద్రపు భూతంతో కుస్తీ పడుతుంటాడు, సగం మనిషి సగం గుర్రం అయిన సెంటార్లు పరిగెడుతుంటారు, సింహాలు వేటాడుతుంటాయి, విందులో పెద్దమనుషులు ఒత్తిగిలి పడుకుని తాగుతుంటారు. శిల్పశాస్త్రం చదువుకున్నవాళ్ళు దీన్ని అపశ్రుతి అంటారు. నాకు మాత్రం ఇదే ముద్దొస్తుంది. "మా గుడి, మా ఇష్టం" అన్న ధీమా ఉంది అందులో. బొమ్మలు కొంచెం మొరటుగా, బల్లపరుపుగా ఉంటాయి. చెయ్యి తిరగనివాళ్ళు చెక్కారని కాదు. ఈ రాయిలో అంతకంటే సన్నపు పని తీయడం కష్టం. పాలరాయి తెప్పించుకునే డబ్బు ఈ ఊరికి లేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నగరరాజ్యం అంటున్నాం కదా, ఈ ఊరు ఎప్పుడు స్వతంత్రంగా ఉంది? దాదాపు ఎప్పుడూ లేదండీ. గుడి కట్టేనాటికే లిడియా రాజు క్రీసస్ పోయి పారశీకులు వచ్చేశారు. పారశీక చక్రవర్తి రొట్టెకి గోధుమలు అస్సోస్ నించే వెళ్ళేవట, అదీ స్ట్రాబో మాటే. తాగే నీళ్ళు ఒక నది నించి, ద్రాక్షసారా సిరియా నించి, గోధుమలు ఇక్కణ్ణించి. పారశీకులు ఓడాక ఎథెన్స్ కూటమిలో చేరి ఏటా కప్పం కట్టింది. అస్సోస్ వంతు ఒక టాలెంటు. ఒక్క టాలెంటు అంటే ఎంత? ఎథెన్స్ యుద్ధనౌక ఒకదానికి, రెండు వందలమంది సిబ్బందికి, ఒక నెల జీతం. అంతే ఊరి స్తోమతు. తర్వాత మళ్ళీ పారశీకులు, ఆపైన అలెగ్జాండర్, అతని సేనానులు, పెర్గమోన్ రాజులు. క్రీ.పూ. 133లో పెర్గమోన్ ఆఖరి రాజు రాజ్యం మొత్తం రోముకి వీలునామా రాసి పోయాడు, ఆస్తితోబాటు అస్సోస్ కూడా చేతులు మారింది.

అయినా ఇన్ని శతాబ్దాలూ ఇక్కడ జనసభ కూడింది, పాలకమండలి తీర్మానాలు చేసింది, ఊరి పేరుతో నాణేలు పడ్డాయి, ఊరి డబ్బుతో గోడలు లేచాయి. పైన ఎవడు కూర్చున్నా కింద ఊరు తన పని తాను చూసుకుంది. గ్రీకులకి నగరం అంటే అసలు ఇదీ. జెండా ఎవరిదన్నది రెండో సంగతి. ఎథెన్స్ చరిత్ర చదివితే ఇది అంత తేలిగ్గా పట్టుబడదు, ఎందుకంటే అది ఊళ్ళ మీద కప్పం వేసే ఊరు. కప్పం కట్టే ఊరు నించి చూస్తేనే తెలుస్తుంది.

క్రీ.పూ. 4వ శతాబ్దం దగ్గర కాసేపు ఆగుతాను, కథ అక్కడే ఉంది. ఈ ప్రాంతంలో యూబులస్ అని ఒక వడ్డీ వ్యాపారి ఉండేవాడు. డబ్బుతో మొదలుపెట్టి, అస్సోస్‌నీ దానికి కొంచెం దూరంలో ఉన్న అటార్నియస్‌నీ చేతిలో పెట్టుకున్నాడు. పారశీక సేనాని ఆటోఫ్రడాటిస్ అటార్నియస్‌ని ముట్టడించడానికి సైన్యంతో వచ్చాడు. యూబులస్ కబురు పంపాడు: "అయ్యా, ఈ ఊరు పట్టడానికి తమకి ఎన్నాళ్ళు పడుతుంది? అన్నాళ్ళకీ ఖర్చెంత? లెక్క వేసుకోండి. అంతకంటే తక్కువకే నేను ఊరొదిలి పోతాను." సేనాని లెక్క వేసుకుని, ముట్టడి మానుకుని వెళ్ళిపోయాడు. వడ్డీ వ్యాపారి బుద్ధి అంటే అదీ. ఈ కథ మనకి చెప్పింది ఎవరనుకున్నారు? అరిస్టాటిల్. తన రాజనీతి గ్రంథంలో రాశాడు. ఆయనకి ఈ ఊరి కబుర్లు బాగా తెలుసు, ఎందుకంటే ఇక్కడే కాపురం చేశాడు.

యూబులస్ తర్వాత అధికారం హెర్మియాస్‌కి వచ్చింది. ఇతను యూబులస్ దగ్గర బానిసగా ఉండేవాడని, నపుంసకుడని పాతవాళ్ళు రాశారు. అందులో ఎంత నిజమో, ఎంత గిట్టనివాళ్ళ ప్రచారమో గానీ, చదువంటే ప్రాణం పెట్టే మనిషని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ప్లేటో శిష్యులు ఇద్దరు, ఎరాస్టస్, కొరిస్కస్, పక్కనున్న స్కెప్సిస్ ఊరివాళ్ళు, అతనికి సలహాదారులయ్యారు. వాళ్ళ మాట విని హెర్మియాస్ పాలన మెత్తబరిచాడని, అది చూసి చుట్టుపక్కల నేలంతా అస్సోస్ దాకా తనంతట తానే అతని కిందికి వచ్చిందని ఒక పాత వ్యాఖ్యానం చెప్తుంది. ఎరిత్రె అనే నగరంతో అతను చేసుకున్న ఒప్పందం రాతి మీద దొరికింది, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో సంతకం చేసిన పక్షం "హెర్మియాస్, అతని సహచరులు". నియంత పేరు ఒక్కటే లేదు చూడండి. పక్కన చదువుకున్నవాళ్ళని కూర్చోబెట్టుకున్నాడు.

క్రీ.పూ. 347 ప్రాంతంలో ప్లేటో పోయాడు. ఆయన పాఠశాల, అకాడమీ, పెత్తనం మేనల్లుడి చేతికి వెళ్ళింది. అరిస్టాటిల్‌కి నలభై దగ్గరపడుతోంది, ఎథెన్స్‌లో పరదేశి, మాసిడోనియా మనిషన్న అనుమానం వేరే. హెర్మియాస్ రమ్మన్నాడు, వచ్చాడు. మూడేళ్ళున్నాడు. హెర్మియాస్ ఇంటి ఆడపిల్ల పిథియాస్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మేనకోడలని కొందరు, పెంపుడు కూతురని కొందరు. తర్వాత ఎదురుదీవికి, లెస్బోస్‌లోని మిటిలీనికి వెళ్ళాడు. జంతువుల మీద ఆయన రాసిన పుస్తకాల్లో ఈ తీరం ఊళ్ళ పేర్లు, లెస్బోస్‌లోని పిర్రా ఉప్పుకయ్య పేరు పదేపదే వస్తాయి. చేపలు పట్టేవాళ్ళని అడిగి, స్వయంగా కోసి చూసి రాసిన రాతలవి. జీవశాస్త్రానికి పుట్టిల్లు ఎక్కడంటే ఈ ఇరవై, ముప్పై మైళ్ళ నీళ్ళ పక్కనే.

హెర్మియాస్ ముగింపు దారుణం. పారశీకుల కొలువులో ఉన్న మెంటర్ అనే గ్రీకు సేనాని, మాట్లాడుకుందాం రమ్మని పిలిచి పట్టుకున్నాడు. చక్రవర్తి దగ్గరికి పంపి చిత్రహింసలు పెట్టి చంపారు. క్రీ.పూ. 341 నాటి సంగతి. ఆఖరి కోరిక ఏమిటని అడిగితే, "తత్త్వశాస్త్రానికి తగని పని ఏదీ నేను చెయ్యలేదని నా స్నేహితులకి చెప్పండి" అన్నాడట. అరిస్టాటిల్ అతని మీద ఒక స్తుతిగీతం రాశాడు, డెల్ఫీలో విగ్రహం పెట్టించి పద్యం చెక్కించాడు. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత, అలెగ్జాండర్ చనిపోయాక, ఎథెన్స్‌లో అరిస్టాటిల్ మీద దైవద్రోహం కేసు పెట్టారు. మనిషిని దేవుడిలా స్తుతించాడని, ఆ గీతమే సాక్ష్యం. ఆయన ఊరొదిలి ఖాల్కిస్ వెళ్ళాడు, మరుసటేడు అక్కడే పోయాడు. వీలునామాలో ఒక మాట ఉంది: నన్ను ఎక్కడ పాతిపెట్టినా పిథియాస్ ఎముకలు నా పక్కన పెట్టండి, అది ఆమె కోరిక. తర్కం రాసిన మనిషి ఈ వాక్యం కూడా రాశాడు.

రాజనీతి గ్రంథంలోనే ఆయన ఇంకో మాట అన్నాడు: మంచి నగరం ఒక్క చూపులో పట్టేంత ఉండాలి, పౌరులకి ఒకరి గుణం ఒకరికి తెలియాలి, లేకపోతే తీర్పులూ పదవుల పంపకాలూ తప్పుదారి పడతాయి అని. అస్సోస్‌ని చూసి రాశాడని నేననను, దానికి ఆధారం లేదు. కానీ ఎథీనా గుడి మెట్టు మీద నిలబడి కిందికి చూస్తే ఊరంతా, రేవుతో సహా, కళ్ళ ముందుంటుంది.

ఇక గోడలు. ఇవి క్రీ.పూ. 4వ శతాబ్దంవి. చుట్టుకొలత మూడు కిలోమీటర్లు పైమాటే. సున్నం లేదు, అడుసు లేదు, రాయి మీద రాయి. దగ్గరికి వెళ్ళి చూడండి: ఇటు ఒక వరస, అటు ఒక వరస చెక్కిన రాళ్ళు, మధ్యలో రాతిముక్కల కూరుడు. అక్కడక్కడ ఒక రాయిని అడ్డంగా లోపలిదాకా దూర్చి కుట్టు వేసినట్టు వేశారు. పడమటి ద్వారం పక్కన బురుజులు ఇప్పటికీ పద్నాలుగు మీటర్ల ఎత్తున నిలబడి ఉన్నాయి. పెద్ద ద్వారాలు కాక మనిషి ఒంగి దూరే దిడ్డి వాకిళ్ళు చాలా ఉన్నాయి. ముట్టడి వేళ రాత్రిపూట బయటికి జారి శత్రువుని దెబ్బతీసి రావడానికి.

లోపలికి వస్తే అంగడి మైదానం, గ్రీకులు అగోరా అనేది. కొండవాలులో చదును నేల ఎక్కణ్ణించి వస్తుంది? పైపక్క కొండని తొలిచారు, కిందిపక్క గోడ కట్టి పూడ్చారు. పైపక్క వంద మీటర్లకి పైగా పొడుగున్న రెండంతస్తుల మండపం. ఆ మండపం పోయింది. దాని వెనక గోడలో మాత్రం వరసగా చదరపు తొర్రలు కనబడతాయి. పై అంతస్తు దూలాల కొసలు దూర్చినవి. వాటి మధ్య దూరం కొలిచి, కర్ర ఎంత మందముండేదో, అంతస్తు ఎంత ఎత్తులో ఉండేదో లెక్కగట్టవచ్చు. కిందిపక్క మండపం ఇంకా తమాషా: అంగడి నించి చూస్తే ఒక్క అంతస్తు, సముద్రం వైపు నించి చూస్తే వాలు కలిసొచ్చి పైకి లేచిన మేడ. ఆ కింది అంతస్తుల్లో గదులు, నీటి తొట్టి. తూర్పు కొసన పాలకమండలి కూర్చునే చదరపు మందిరం, పడమట చిన్న గుడి. కింద సముద్రం చూస్తూ కూర్చునేలా నాటకశాల. ఇవన్నీ ఒక నడకలో అయిపోతాయి.

ఇంత చిన్న ఊళ్ళో పుట్టి పెద్ద పేరు తెచ్చుకున్నవాడు క్లియాంథిస్. ముష్టియుద్ధం చేసేవాడు. చేతిలో నాలుగు ద్రక్మాలతో, అంటే నాలుగు వెండి నాణేలతో, ఎథెన్స్ వెళ్ళి, పగలు తత్త్వవేత్త జీనో దగ్గర స్టోయిక్ తత్త్వం విని, రాత్రి తోటలకి నీళ్ళు తోడేవాడు. రాసుకునే పాపిరస్ కాగితం కొనలేక గురువు చెప్పినవి ఆల్చిప్పల మీద, ఎద్దు జబ్బ ఎముకల మీద రాసుకునేవాడట. ఇంత దిట్టంగా ఉన్నాడు, పని చేస్తున్నట్టు కనబడడు, తిండికి డబ్బెక్కడిదని న్యాయసభ పిలిపించింది. నీళ్ళు తోడించుకున్న తోటమాలి, పిండి చేయించుకున్న వ్యాపారిణి వచ్చి సాక్ష్యం చెప్పారు. సభ్యులు ముచ్చటపడి డబ్బు ఇవ్వబోతే జీనో పుచ్చుకోవద్దన్నాడు. జీనో తర్వాత ఆ పాఠశాలకి పెద్ద ఇతనే. మొద్దు అని తోటివాళ్ళు వెక్కిరించేవాళ్ళు. గాడిదనే, జీనో బరువు మోయగలిగేది నేనొక్కణ్ణే అన్నాడట.

రోమన్ల కాలానికి ఈ ఊరు ఏ ఎండకా గొడుగు పట్టడం బాగా నేర్చింది. తవ్వకాల్లో ఒక కంచు పలక దొరికింది. క్రీ.శ. 37లో కలిగులా చక్రవర్తి అయిన వార్త రాగానే జనసభ చేసిన తీర్మానం. లోకం ఆనందానికి హద్దు లేదు, మనుషులకి స్వర్ణయుగం వచ్చింది అంటూ మొదలవుతుంది. చిన్నప్పుడు తండ్రి జెర్మానికస్‌తో మా ఊరు వచ్చినప్పుడు మమ్మల్ని చూసుకుంటానని మాటిచ్చావు కదా అని గుర్తుచేస్తుంది కూడా. అప్పటికి ఆ పిల్లవాడికి అయిదారేళ్ళు! తొలి చక్రవర్తి ఆగస్టస్ మీద, తమ ఎథీనా మీద ఒట్టేసి, రోముకి రాయబారుల్ని పంపారు. వీళ్ళు పొగిడిన ఆ కలిగులా ఎలాంటివాడో నాలుగేళ్ళు తిరక్కుండా రోము తేల్చేసింది, అది వేరే సంగతి. నేను చూడమనేది ఇది: పొగడ్త సభ పెట్టి, తీర్మానం రాసి, ఊరి పేరు మీద పంపారు. రాజుకి దణ్ణం పెట్టేటప్పుడు కూడా పద్ధతి వదల్లేదు.

మీలో బైబిలు చదివేవాళ్ళకి ఈ ఊరు తెలిసే ఉంటుంది. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు తోటివాళ్ళని ఓడెక్కించి, తాను త్రోయ అనే రేవు నించి ఇక్కడిదాకా కాలినడకన వస్తాడు. ముప్పై కిలోమీటర్లు పైనే. ఇక్కడ ఓడెక్కి మిటిలీని వెళ్తాడు. ఎందుకు నడిచాడో ఆ గ్రంథం చెప్పదు.

పడమటి ద్వారం బయట దారికి రెండు పక్కలా సమాధులు. అప్పట్లో ఊరి లోపల పాతిపెట్టేవాళ్ళు కారు, ఊరికి వచ్చేవాళ్ళందరూ ముందు పోయినవాళ్ళని దాటే రావాలి. అస్సోస్ రాతి శవపేటికలకి పెద్ద గిరాకీ ఉండేది, ఓడల మీద థెస్సలొనికి, అలెగ్జాండ్రియా దాకా పోయాయి. ఈ రాయిలో పెట్టిన శవం నలభై రోజుల్లో పళ్ళు తప్ప మిగలకుండా హరించుకుపోతుందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆండిసైట్ అలాంటి పని చేయదు. పేటికలు అమ్ముకునేవాళ్ళకి మాత్రం ఆ మాట చెడ్డ చేయలేదు.

తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. క్రైస్తవం వచ్చాక వ్యాయామశాల ఆవరణలో చర్చి లేచింది. 14వ శతాబ్దంలో ఒట్టోమన్ సుల్తాన్ మొదటి మురాద్ కాలంలో గుడికి దిగువనే మసీదు కట్టారు. దాని ద్వారబంధం ఏదో పాత చర్చిది, గ్రీకు అక్షరాలు ఇంకా ఉన్నాయి. చుట్టూ బెహ్రామ్‌కాలే అనే పల్లె, ఇళ్ళన్నీ అదే నల్లరాయి. 19వ శతాబ్దంలో ఇక్కడి రాళ్ళు ఇస్తాంబుల్ రేవు పనులకి ఓడల మీద తరలించారు. అంతకుముందే, 1838లో, సుల్తాన్ రెండో మహమూద్ గుడి శిల్పాలు కొన్ని ఫ్రాన్సుకి బహుమతి ఇచ్చేశాడు. హెరాక్లీస్ కుస్తీ పట్టు ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

1881లో అమెరికన్లు వచ్చారు. అమెరికా పురావస్తు సంస్థ పాత గ్రీకు నేల మీద వేసిన తొలి పలుగు ఇక్కడే పడింది. నాయకుడు జోసఫ్ క్లార్క్, తోడు ఫ్రాన్సిస్ బేకన్. ఇద్దరూ కుర్రాళ్ళు, అంతకుముందే ఒక చిన్న పడవలో ఇంగ్లండు నించి ఇక్కడిదాకా డోరిక్ గుళ్ళు చూడ్డానికి వచ్చిన సాహసులు. 1883 దాకా తవ్వారు. ఒప్పందం ప్రకారం దొరికినవాటిలో ఒక వాటా బోస్టన్ వెళ్ళింది, మిగతావి ఇస్తాంబుల్. జట్టులో కొలతలు తీసిన జర్మన్ కుర్రాడు రాబర్ట్ కోల్డెవై తర్వాత బాబిలోన్ తవ్వి, ఇష్తార్ ద్వారం బయటపెట్టినవాడు. బేకన్, అరిస్టాటిల్ లాగే, ఈ ప్రాంతపు పిల్లనే చేసుకున్నాడు. ట్రాయ్ దిబ్బని ముందుగా గుర్తించిన ఫ్రాంక్ కాల్వర్ట్ ఇంటి అమ్మాయి. తవ్వకాల పూర్తి నివేదిక మాత్రం 1902లో మొదలై 1921కి గానీ అచ్చు పూర్తికాలేదు. అప్పటికి క్లార్క్ లేడు, బేకన్ ముసలివాడైపోయాడు. ఇందాకటి నించి తెర మీద చూస్తున్న అంగడి మండపాల ఊహాచిత్రాలకి ఆధారం ఆ జట్టు తీసుకున్న కొలతలే. 1981 నించి టర్కీ పురావస్తు శాస్త్రవేత్తలు మళ్ళీ తవ్వుతున్నారు, పని ఇంకా సాగుతోంది. 2017లో ఈ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రతిపాదిత జాబితాలోకి ఎక్కింది.

నా దగ్గరున్నది ఇంతే. ఇంకో పది నిమిషాలు ఉంది, ఏమైనా అడగాలనుకుంటే అడగండి.